మూడు క్షణాల బలం

చలికాలం. డెట్రాయిట్ నది మీద బెల్ ఐల్ వంతెన. ఈదురుగాలి మొహాన్ని కోసేస్తోంది. నడిమధ్యలో ఒక క్యాడిలాక్ కారు ఆగిపోయింది. స్టీరింగ్ ముందు ఒకావిడ కూర్చుని ఉంది. ఎవరో ఒకరు కారు ముందుకొచ్చి, వంగి, ఇనప హ్యాండిల్ తిప్పితే తప్ప ఆ బండి లేవదు. ఆవిడ చుట్టూ చూసింది.

అటుగా వస్తున్న మనిషి ఆగాడు. పేరు బైరన్ కార్టర్. కార్లు తయారు చేసే మనిషి. ‘కార్టర్‌కార్’ ఆయన పేరు మీద వచ్చిందే. హ్యాండిల్ తిప్పడం ఆయనకు చెయ్యి కడుక్కున్నంత మామూలు పని. కోటు సర్దుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, హ్యాండిల్‌ను పిడికిట్లో బిగించి, ఆ కారులో స్పార్క్ లివర్ ఏ స్థానంలో ఉండిపోయిందో చూసుకోకుండానే, రోజూ లాగినట్టే ఒక్క ఊపున లాగాడు.

ఇంజిన్ పేలింది. ముందుకు కాదు. వెనక్కి.

పిస్టన్ పైకి చేరాక పడాల్సిన నిప్పురవ్వ, చేరకముందే పడింది. పైకి వస్తున్న పిస్టన్‌ను పేలుడు కిందికి తన్నింది. ఇరుసు ఉల్టా తిరిగింది. ఇరుసుకు తగిలించిన హ్యాండిల్ ఉల్టా తిరిగింది. దాని కొసన మనిషి దవడ ఉంది.

డెట్రాయిట్ కార్ల లోకం వందేళ్లుగా చెప్పుకుంటున్న ఘట్టం ఇది. కార్టర్‌ను ఆస్పత్రికి మోసుకెళ్లారు. నాలుగు రోజుల్లో తిరిగొస్తాడనుకున్నారు.

జనగామ వైపు బావుల మీద ఆయిలింజన్లు నడిపిన తరానికి ఈ దెబ్బ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు మోటార్లు రాకముందు పొలానికి నీళ్లు పారాలంటే ఆ ఇంజినే దిక్కు. డీకంప్రెషన్ లివర్ ఎత్తాలి. హ్యాండిల్‌ను గిరగిరా తిప్పాలి. చక్రం ఊపందుకున్నాక లివర్ వదలాలి. ఊపు చాలకుండా వదిలితే ఇంజిన్ ఎదురు తిరుగుతుంది. అందుకే పిల్లవాడి చేతికి మొదటిసారి హ్యాండిల్ ఇచ్చేటప్పుడు పెద్దవాళ్లు ముందు చూసేది వాడి బొటనవేలు.

“దాన్ని చుట్టకు బిడ్డా. నాలుగు వేళ్ల పక్కకే పెట్టు. కింద నుంచి పైకి గుంజు. పైనుంచి కిందికి ఒత్తకు.”

బొటనవేలు చుట్టి పట్టుకుంటే హ్యాండిల్ ఎదురు తన్నినప్పుడు చెయ్యి విడివడదు. మణికట్టు విరుగుతుంది. నాలుగు వేళ్లతో కొక్కెంలా పట్టుకుంటే హ్యాండిల్ జారి పోతుంది, మనిషి మిగులుతాడు. ఇంజిన్‌కూ మనిషికీ మధ్య ఉన్న రక్షణ అంతా ఆ ఒక్క వేలే.

డెట్రాయిట్‌లో పిడికిలి బిగించిన చేతికి ఆ రక్షణా దక్కలేదు. కార్టర్ కోలుకోలేదు. 1908 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ కబురు ఒక తెల్లగడ్డం పెద్దాయనను కుదిపేసింది.

హెన్రీ లీలండ్. క్యాడిలాక్ కంపెనీ పెద్ద. కార్టర్‌కు స్నేహితుడు. అరవై దాటిన మనిషి. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో తుపాకుల కర్మాగారంలో పని నేర్చుకున్న చెయ్యి. కొలతలో వెంట్రుకవాసి తేడాను కూడా ఒప్పుకోడు. అదే 1908లో బ్రిటన్‌లో ఆయన కార్లు మూడింటిని నట్టు నట్టుగా విప్పేసి, విడిభాగాలన్నీ కలగాపులగం చేసి, మళ్లీ మూడు కార్లు బిగించి, బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద 500 మైళ్లు ఉరికిస్తే మూడూ ఆసాంతం పరుగెత్తాయి. దానికి డ్యూవర్ ట్రోఫీ ఇచ్చారు. అంత పకడ్బందీ కారు. అలాంటి కారే స్నేహితుణ్ని మింగింది.

ఇకమీదట క్యాడిలాక్ హ్యాండిల్ ఎవరి ప్రాణమూ తీయకూడదని లీలండ్ పట్టుబట్టాడని చెబుతారు. ఇంజినీర్లు కాగితాల ముందు కూర్చున్నారు. అప్పటికే ఎందరో ప్రయత్నించి ఉన్నారు. ఒకరు స్ప్రింగు బిగించి చూశారు. ఒకరు గాలిని సిలిండర్‌లో నింపి వదిలారు. ఇంకొకరు ఎసిటిలీన్ గ్యాస్‌తో పేల్చారు. ఏదీ నమ్మకంగా పని చేయలేదు. మిగిలింది కరెంటు. లెక్క వేశారు. ఇంజిన్‌ను తిప్పాలంటే దాదాపు ఇంజినంత మోటారు కావాలి. దానికి తగ్గ బ్యాటరీలు కావాలి. అవన్నీ ఎక్కిస్తే కారులో మనుషులకు చోటు ఉండదు.

లెక్క తప్పు కాదు. అయినా ఒకాయన ఆ లెక్కను ఒప్పుకోలేదు.

ఒహైయో రాష్ట్రం, డేటన్ పట్నం. ఎడ్వర్డ్ డీడ్స్ అనే ఆయన ఇంటి వెనక ఒక కొట్టం. చెక్క గోడలు. ఎండాకాలం లోపల ఉడికిపోతుంది, చలికాలం వేళ్లు కొంకర్లు పోతాయి. పగలంతా నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు పొద్దుగూకాక ఇక్కడికి చేరేవాళ్లు. తీగల చుట్టలు, నూనె మరకలు, అర్ధరాత్రి దాకా వెలిగే దీపాలు. వాళ్లకు పడ్డ పేరు ‘బార్న్ గ్యాంగ్’. వాళ్ల నాయకుడు చార్లెస్ కెటరింగ్. పొడుగాటి మనిషి. చిన్నప్పటి నుంచీ కంటిజబ్బు. కాలేజీలో చదువుకునేటప్పుడు పుస్తకం చూస్తే తలనొప్పి లేచేది. తోటి విద్యార్థులు పైకి చదివి వినిపిస్తే విని గుర్తుపెట్టుకుని, మధ్యలో చదువు ఆపేసి టెలిఫోన్ స్తంభాలు పాతే పనికి వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి 1904లో ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు.

అప్పటికి ఆయన చేతిలో ఒకే ఒక్క రుజువు ఉంది. అది కారుది కాదు. గల్లాపెట్టెది.

దుకాణాల్లో క్యాష్ రిజిస్టర్‌ను చేత్తో తిప్పాల్సి వచ్చేది. దానికి కరెంటు మోటారు పెట్టే పని కెటరింగ్‌కు అప్పగించారు. అక్కడా ఇదే అడ్డం. పెట్టెను తిప్పగలిగే మోటారు పెట్టెకంటే పెద్దదవుతుందన్నారు. కెటరింగ్ పెట్టె ముందు నిలబడి చూశాడు. బేరగాడు వచ్చాడు. మీట నొక్కారు. సొరుగు తెరుచుకుంది. అంతే, పని అయిపోయింది. మళ్లీ ఇంకో బేరం వచ్చేదాకా పెట్టె ఖాళీ. రోజంతా తిరిగే మోటారు ఎవరికి కావాలి? ఒక్క క్షణం తన శక్తికి మించి తన్ని, ఆ తర్వాత చల్లబడటానికి బోలెడంత సమయం దొరికే బుల్లి మోటారు చాలదా? చాలింది. 1906 నాటికి గల్లాపెట్టె కరెంటుతో తెరుచుకుంది.

కారు ఇంజిన్ కూడా అంతే కదా! లేచేదాకానే దానికి సాయం కావాలి. లేచాక దాన్ని ఆపడమే కష్టం.

1909లో కెటరింగ్, డీడ్స్ కలిసి డెల్కో పెట్టారు. డేటన్ ఇంజినీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ. పేరు పెద్దది, చోటు మాత్రం అదే కొట్టం. వాళ్లు చేసిన ఇగ్నిషన్ సిస్టమ్‌ను లీలండ్ అప్పటికే కొంటున్నాడు. ఇప్పుడు స్టార్టర్ అడిగాడు. 1910 చివర్లో కొట్టంలోకి ఒక క్యాడిలాక్ వచ్చి నిలబడింది. ఆ చలికాలం పొడుగునా దాని బానెట్ మూతపడలేదు. నాలుగు బ్యాటరీలను వరసగా కలిపితే 24 వోల్టులు. ఆ దెబ్బకు మోటారు గిర్రున తిరగాలి, పళ్లచక్రాల మీదుగా ఫ్లైవీల్‌ను పట్టుకోవాలి, ఇంజిన్ అందుకోగానే తప్పుకోవాలి, తప్పుకుని ఊరికే ఉండకుండా ఈసారి తానే డైనమోగా మారి, ఖర్చు పెట్టిన కరెంటును చుక్క చుక్కగా బ్యాటరీలకు తిరిగి కట్టాలి, దీపాలూ వెలిగించాలి. ఇన్ని పనులకు ఒక్కటే యంత్రం.

ఆ మోటారును ఎక్కువసేపు తిప్పితే కాలిపోతుంది. అది కెటరింగ్‌కు తెలుసు. ఎక్కువసేపు తిప్పక్కర్లేదనీ తెలుసు.

1911 ఫిబ్రవరి. కారు డెట్రాయిట్ చేరింది. చుట్టూ క్యాడిలాక్ ఇంజినీర్లు. లీలండ్ నిలబడి చూస్తున్నాడు. కారు ముందు ఎవరూ లేరు. హ్యాండిల్ దగ్గర ఎవరూ వంగలేదు. మీట వేశారు.

కట్.

కట్... కట్... కట్.

ఇది డెట్రాయిట్ కాదు. మహబూబాబాద్ జిల్లా, బయ్యారం పెద్దచెరువు కింద పొలం. ఏ వానాకాలమైనా జూలైలో అటు పోతే ఇలాంటి పొద్దు ఒకటి కంటపడుతుంది. మబ్బు చెట్ల మీదికి దిగింది. దమ్ముకు దిగిన పాత ఎర్ర మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు బురదలో ఇరుసు దాకా కూరుకుని ఆగిపోయింది. వెనక కేజ్‌వీల్స్. ఒడ్డు మీద నారు కట్టలు. నాట్లకొచ్చిన ఆడవాళ్లు చీరలు ఎగదోపి, నెత్తిన ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని కూర్చున్నారు. కూలి గంటలు నడుస్తున్నాయి. సీటు మీద కూర్చున్న కుర్రాడు చెమటతో తడిశాడో వానతో తడిశాడో తెలియడం లేదు.

“ఇంకోసారి కొట్టు అల్లుడా.”

“బ్యాటరీ పండుకుంటది మామా.”

“పండుకుంటే పండుకోనియ్. నారు ముదురుతున్నది. కొట్టు.”

కట్.

గట్టు మీదైతే నలుగురు తోస్తారు. రోడ్డు మీదైతే ఏటవాలు చూసి వదులుతారు. అందుకే సెల్ఫ్ స్టార్టర్ పాడైన ట్రాక్టరున్న ఇంట్లో బండిని రాత్రిపూట వాకిట్లో పెట్టరు, దిబ్బ మీద పెడతారు. తెల్లవారగానే బ్రేకు వదిలితే జారుతూ స్టార్ట్ అవుతుంది. కానీ దమ్ము మడిలో దిబ్బ ఎక్కడిది? బురదలో ఎవరు తోస్తారు? ఇంకో ట్రాక్టరు, ఒక గొలుసు కావాలి. ఆ ఇంకో ట్రాక్టరు కూడా ఈ పొద్దు ఎవరి మడిలోనో ఉంటుంది.

ఆ ‘కట్’ అనే చప్పుడు ఎక్కడిది? తాళం తిప్పగానే సోలినాయిడ్ అనే అయస్కాంత మీట లాక్కుంటుంది. మోటారుకు కరెంటు వెళ్తుంది. వెళ్లిన మరుక్షణం బ్యాటరీ వోల్టేజీ కుప్పకూలుతుంది. పట్టుకునే బలం లేక సోలినాయిడ్ వదిలేస్తుంది. వదలగానే బ్యాటరీ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. మళ్లీ లాక్కుంటుంది. మళ్లీ వదులుతుంది.

అందరి వేళ్లూ బ్యాటరీ వైపే చూపిస్తాయి. చాలాసార్లు దొంగ వేరే చోట ఉంటాడు. సెల్ఫ్ మోటారు తాగే కరెంటు వందల ఆంపియర్లు. 300 ఆంపియర్లు పారే దారిలో, తుప్పు పట్టిన ఒక్క క్లాంపు దగ్గరో, పెయింటు మీద బిగించిన ఎర్త్ వైరు దగ్గరో, ఓమ్‌లో వందో వంతు నిరోధం ఉంటే చాలు. 3 వోల్టులు అక్కడికక్కడే మాయం. 12లో మిగిలేది 9. దీపాలూ హారనూ తాగేది కొద్ది కరెంటే కాబట్టి వాటికి అంత వోల్టేజీ పోదు. దీపాలు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, బ్యాటరీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంజిన్ మాత్రం లేవదు.

డీజిల్‌తో ఇంకో పేచీ. కెటరింగ్ ముందున్న పెట్రోల్ ఇంజిన్ గాలిని నాలుగో వంతుకు అటూఇటుగా నొక్కేది, మంట పెట్టడానికి దానికి నిప్పురవ్వ ఉండేది. డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ లేదు. గాలిని పదహారు, పదిహేడో వంతుకు కుదించి, ఆ వేడితోనే డీజిల్‌ను అంటించాలి. నెమ్మదిగా తిప్పితే ఆ వేడి సిలిండర్ గోడల్లోకి జారిపోతుంది. తిరుగుతూనే ఉంటుంది, అంటుకోదు. సెల్ఫ్ ఇంజిన్‌ను కదిలిస్తే సరిపోదు, విసిరి తిప్పాలి.

డెట్రాయిట్‌లో ఆ ఫిబ్రవరి రోజున జరిగింది అదే. మోటారు మూలిగింది. పళ్లచక్రాలు పట్టుకున్నాయి. ఇంజిన్ ఒక చుట్టు తిరిగి, ఇంకో చుట్టు తిరిగి, దగ్గి, అందుకుంది.

లీలండ్ 12,000 స్టార్టర్లకు ఆర్డర్ ఇచ్చాడు. కొట్టంలో తీగలు చుట్టుకుంటున్న కుర్రాళ్లు ఫ్యాక్టరీ పెట్టక తప్పలేదు. 1912 మోడల్ క్యాడిలాక్ హ్యాండిల్ అక్కర్లేని కారుగా రోడ్డెక్కింది. డ్యూవర్ ట్రోఫీ రెండోసారి క్యాడిలాక్ ఇంటికే వచ్చింది. 1915లో కెటరింగ్‌కు పేటెంట్ దక్కింది. హ్యాండిల్ గొడవ లేదని ఆడవాళ్లు ఇష్టపడి కొనుక్కునే ఎలక్ట్రిక్ కార్లకు గిరాకీ పడిపోవడానికి ఇదీ ఒక కారణం. ఫోర్డ్ మోడల్ టీకి కూడా 1919లో సెల్ఫ్ వచ్చింది.

కారు ఎక్కినవాళ్లకు హ్యాండిల్ బెడద తప్పింది. దుక్కి దున్నేవాడికి తప్పలేదు.

1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌కు ముందు హ్యాండిలే. చలి పొద్దున దాన్ని లేపడానికి రైతులు ఆపసోపాలు పడేవాళ్లు. 1923 నాటి జాన్ డీర్ మోడల్ డీకి పక్కన పెద్ద ఫ్లైవీల్ ఉండేది. దాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. రైతుకు డబ్బు దగ్గర పట్టింపు, బ్యాటరీ మీద అపనమ్మకం. 1939లో ఫోర్డ్ 9ఎన్ సెల్ఫ్‌తోనే పొలంలోకి దిగింది. 1946లో హ్యారీ ఫెర్గూసన్ టీఈ20 ఇంకో అడుగు ముందుకేసింది. గేర్ రాడ్‌నే స్టార్ట్ స్థానంలోకి నెట్టాలి. గేరులో ఉన్న ట్రాక్టర్ స్టార్ట్ అయి మనిషి మీదికి దూకే ప్రమాదం దాంతో తప్పింది. ఆ ఫెర్గూసన్ వంశమే 1960లో మద్రాసు సెంబియంలో టాఫే పేరుతో దిగింది. మరుసటి ఏడాదే అదే ఊళ్లో, పాడిలో లూకాస్ టీవీఎస్ పుట్టింది. ట్రాక్టరూ, దాన్ని లేపే సెల్ఫూ మనవైపుకు ఒకే దిక్కు నుంచి వచ్చాయి.

కెటరింగ్ సొంత రాష్ట్రం ఒహైయోలో ఈలోగా రైతులు ఇంకో వేడుక మొదలుపెట్టారు. 1929లో అక్కడి వాన్స్‌విల్‌లోనూ, మిస్సోరీ రాష్ట్రం బౌలింగ్ గ్రీన్‌లోనూ ట్రాక్టర్లతో బరువు లాగించే పందేలు జరిగాయి. మన దగ్గర సంక్రాంతికి ఎడ్లతో బండ లాగించినట్టే. చెక్క బల్ల మీద బరువులు, అది కదులుతుంటే దారి పొడుగునా ఒక్కో మనిషి ఎక్కి నిలబడటం, ట్రాక్టర్ ముక్కు గాల్లోకి లేవడం, జనం కేకలు. 1969లో జాతీయ సంఘమే వెలిసింది. ఇప్పటికీ తాతల నాటి ట్రాక్టర్లకు ప్రత్యేకంగా పోటీలు పెడతారు. ఆ పాత బండ్లకు పెద్ద పిస్టన్లు వేస్తారు, కంప్రెషన్ పెంచుతారు. హార్స్‌పవర్ పెరుగుతుంది. పందెం లైను మీదికి వచ్చి ఆపుతారు. వేడెక్కిన ఇంజిన్ బిగుసుకుని ఉంటుంది. పిలుపు వస్తుంది. పాత 6 వోల్టుల సెల్ఫ్ మూలుగుతుంది.

లాగడానికి బలం కోట్లు పోసి పెంచినా, లేవడానికి బలం లేకపోతే ఆ బండి లైను మీదే ఓడిపోతుంది.

అందుకు ఒహైయో రైతు చేసే పనీ, మన మేస్త్రీ చేసే పనీ ఒక్కటే. పాత సెల్ఫ్ తీసి, లోపల గేర్లున్న కొత్త రకం సెల్ఫ్ ఎక్కించడం. పాతదాంట్లో మోటారు లోపల తిరిగే ఆర్మేచర్ ఒక చుట్టు తిరిగితే, ఫ్లైవీల్‌ను పట్టే చిన్న పళ్లచక్రం, అంటే పినియన్ కూడా ఒకే చుట్టు. అందుకే అది లావుగా, బరువుగా ఉంటుంది. కొత్తదాంట్లో చిన్న ఆర్మేచర్ మూడు నాలుగు చుట్లు వేగంగా తిరిగితే పినియన్ ఒక చుట్టు తిరుగుతుంది. వేగాన్ని ఇచ్చి బలాన్ని కొనుక్కోవడమన్నమాట. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1962లోనే కార్లకు ఈ రకం పెట్టింది. తక్కువ కరెంటు తాగుతుంది, గట్టిగా తన్నుతుంది.

చెప్పినంత తేలిక కాదు బిగించడం.

జనగామ. సూర్యాపేట రోడ్డు. రేకుల షెడ్డు మీద వాన దడదడ కొడుతోంది. లోపల డీజిల్ వాసన, తడి మట్టి వాసన. పాత మాసీ రెండు ముక్కలుగా విడిపోయి ఉంది. ఇంజిన్ ఒకవైపు దిమ్మల మీద, గేర్‌బాక్స్ మరోవైపు జాకీ మీద. ఓనరు పెద్దాయన తువ్వాల భుజాన వేసుకుని ఆ ముక్కల మధ్య నిలబడ్డాడు. కొత్త సెల్ఫ్ కొనుక్కొచ్చాడు. రెండు బోల్టులు బిగిస్తే అయిపోతుందనుకున్నాడు.

“గింత పనెందుకు మేస్త్రీ? సెల్ఫ్ ఒక్కటే మార్చుమంటిని గదా.”

మేస్త్రీ మాట్లాడలేదు. ఫ్లైవీల్ రింగు మీద టార్చిలైటు వేశాడు. వేలు పెట్టి చూపించాడు. రింగు చుట్టూ పళ్లు నిక్షేపంగా ఉన్నాయి, మూడు చోట్ల తప్ప. ఆ మూడు చోట్లా అరిగి, అంచులు చితికి, కుక్క కొరికిన బొక్కల్లా ఉన్నాయి.

మూడు సిలిండర్ల ఇంజిన్ ఆగేటప్పుడు ఎక్కడపడితే అక్కడ ఆగదు. ఏదో ఒక పిస్టన్ గాలిని నొక్కబోయి, నొక్కలేక వెనక్కి తగ్గిన చోటే ఆగుతుంది. అలాంటి చోట్లు మూడే. ఇన్నేళ్లుగా సెల్ఫ్ పినియన్ వచ్చి గుద్దుకున్నది ఆ మూడు చోట్లే. కొత్త సెల్ఫ్ ఎంత బలంగా తన్నితే ఆ అరిగిన పళ్లు అంత తొందరగా ఊడతాయి. రింగు మార్చకుండా బలం పెంచితే నెల తిరక్కముందే బండి మళ్లీ ఇక్కడే ఉంటుంది.

పెద్దాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. “కానియ్” అన్నాడు.

పాత రింగును ఉలి పెట్టి కొట్టి పగలగొట్టారు. కొత్త రింగు ఫ్లైవీల్ కంటే వెంట్రుకవాసి చిన్నది. చల్లగా ఉంటే ఎక్కదు. ఇటుకల మీద పెట్టి గ్యాస్ టార్చి వెలిగించారు. నీలిమంట రింగు చుట్టూ తిరుగుతోంది. ఒక్క చోట నిలిపితే అక్కడ ఎర్రబడుతుంది. ఎర్రబడితే పంటి గట్టిదనం పోతుంది. తెల్లటి ఉక్కు లేత పసుపుకు తిరిగింది. పసుపు ముదిరింది. అంచున నీలం తొంగిచూసింది.

“పట్టు!”

రెండు పట్టకార్లతో ఇద్దరు లేపారు. ఫ్లైవీల్ మీదికి తెచ్చారు. పళ్ల వాలు అంచు సెల్ఫ్ వచ్చే వైపుకే ఉండాలి, తిరగేస్తే పని మొత్తం వృథా, మళ్లీ పగలగొట్టాల్సిందే, మేస్త్రీ ఒక్క చూపు చూసి తలూపాడు, రింగు దిగింది, సగం దాకా దిగి ఒక పక్క తన్నుకుంది. చల్లటి ఇనుము వేడిని లాగేసుకుంటోంది. ఇంకో రెండు మూడు సెకన్లు గడిస్తే అది అక్కడే కరుచుకుంటుంది.

మేస్త్రీ చేతిలో చెక్కసుత్తి లేచింది. ఠక్. ఎదురువైపు ఇంకో ఠక్. రింగు టప్పున కూర్చుంది. టక టక చుట్టూ కొట్టి చూశాడు. ఎక్కడా బోలు చప్పుడు లేదు.

మిగతాది నిదానం పని. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపారు. పాత పినియన్ పక్కన కొత్త పినియన్ పెట్టి పళ్లు లెక్కబెట్టారు. తిరిగే దిక్కు చూశారు. పంటికీ పంటికీ మధ్య సందు చూశారు. బిగుతైనా, వదులైనా పళ్లు అరుస్తాయి. వేలెడంత లావు కొత్త కేబుల్ లాగారు. ఎర్త్ బిగించే చోట పెయింటు గీకి ఇనుము మెరిసేదాకా రుద్దారు. కుర్రాడు సీటెక్కాడు. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

తాళం తిరిగింది. ఈసారి పాత మూలుగు లేదు. సన్నగా, వేగంగా ఒక గిర్రుమన్న శబ్దం. పొగ గొట్టం నల్లగా ఉమ్మింది. షెడ్డు రేకులు అదిరాయి.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

“ఇను పెద్దయ్యా. పది సెకన్లల్ల లేవకుంటే చెయ్యి తియ్యి. నిమిషం ఆగు. మళ్ల కొట్టు. పట్టుకునే ఉంటివా, ఇదీ కాల్తది.”

కొట్టంలో కెటరింగ్ చేసుకున్న ఒప్పందమే అది. చిన్న మోటారు, పెద్ద తన్ను, ఆ వెంటనే విశ్రాంతి. ఆ విశ్రాంతి ఇవ్వకపోతే ఎంత ఖరీదు సెల్ఫయినా బుగ్గే.

ఆ కొత్త సెల్ఫ్‌కు పరీక్ష పొలంలో రాలేదు. అడవిలో వచ్చింది.

మేడారం జాతర. వనదేవతలకు మొక్కు తీర్చుకుని జనం తిరుగుముఖం పట్టిన రాత్రి. భూపాలపల్లి వైపు అడవి దారి. కనుచూపు మేర ఎర్ర దీపాలు. బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు. ట్రాలీల్లో గడ్డి పరుచుకుని పడుకున్న పిల్లలు, కోళ్ల గంపలు, ప్రసాదం బెల్లం మూటలు. దుమ్ము గొంతులో గరగరలాడుతోంది. లైను పది గజాలు కదులుతుంది, అరగంట ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ డీజిల్ కాలుతూనే ఉంటుంది. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని పాత బండ్లవాళ్లెవరూ ఇంజిన్ ఆపడం లేదు.

నడిమధ్యలో ఒక పాత మాసీ నిశ్శబ్దమైంది. నేల చదును. వెనక ట్రాలీ నిండా ఇరవై మంది. తోయడానికి దారి లేదు, జారడానికి దిబ్బ లేదు.

పక్క ట్రాక్టరతను ఉలిక్కిపడ్డాడు. “బంద్ చేసినవేందే బావా? మళ్ల లేస్తదా?”

ఇటు నుంచి జవాబు రాకముందే ముందు బస్సు కదిలింది. వెనక నుంచి హారన్లు విరుచుకుపడ్డాయి. తాళం తిరిగింది. రెండో చుట్టుకే ఇంజిన్ అందుకుంది. ట్రాలీలో ఒక్క పిల్లవాడు కూడా కళ్లు తెరవలేదు.

పక్కతను గొంతు చించుకుని అరిచాడు. “ఏ షెడ్డుల చేయించినవ్?”

“జనగామల! ముందుగల్ల నీ రింగు చూపిచ్చుకో!”